జాతి భేదాలు - జన్యుశాస్త్రం

చర్మం రంగును బట్టి మనుషుల్ని జాతులుగా విడదీయడానికి జన్యువుల్లో దొరికే ఆధారం బలహీనం. 1972లో రిచర్డ్ లెవాంటిన్ రక్తవర్గాలనూ ప్రోటీన్లనూ పరిశీలించి, మానవ వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒకే జనసమూహంలోని వ్యక్తుల మధ్యే ఉందనీ, జాతుల మధ్య ఉన్నది 6 శాతం పైచిలుకేననీ తేల్చారు. 2003లో ఎ.డబ్ల్యు.ఎఫ్. ఎడ్వర్డ్స్ దీన్ని ఆక్షేపించారు: అనేక జన్యుస్థానాలను కలిపి చూస్తే ఒకరి పూర్వీకులది ఏ ఖండమో చెప్పవచ్చు. నిజమే. అయితే పుట్టుపూర్వోత్తరాలు తెలిసినంత మాత్రాన గుణగణాలు తెలిసిపోవు. నల్లవారి జబ్బుగా పేరుపడ్డ సికిల్‌సెల్ వ్యాధినే తీసుకోండి. అది గ్రీసులోనూ, అరేబియాలోనూ, మన ఏజెన్సీ గిరిజనుల్లోనూ ఉంది. ఆ జన్యువు ఒక్క ప్రతి ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణనిస్తుంది కాబట్టి, దాని విస్తృతి రంగును కాక దోమను అనుసరించింది.