తెమడను ఆపొద్దు, బయటికి తీయండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటర్ చదివేటప్పుడు టీబీ వస్తే మందులు పూర్తి కోర్సు వాడాను. నాలుగైదేళ్లుగా పొద్దున లేవగానే చిక్కటి పసుపు తెమడ పడుతోంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు జ్వరం వచ్చి యాంటీబయాటిక్స్ వాడాల్సి వస్తోంది. సీటీ స్కాన్ చేసి కుడి ఊపిరితిత్తి కింది భాగంలో బ్రాంకియెక్టాసిస్ ఉందన్నారు. ఆఫీసులో దగ్గితే అందరూ తిరిగి చూస్తారు. అందుకని దగ్గు ఆపే సిరప్ తాగి మీటింగులకు వెళ్తున్నాను. అమెరికాలో ఉన్న మా అన్నయ్య దీనికి కొత్త మాత్ర వచ్చిందంటున్నాడు. దాంతో పూర్తిగా నయమవుతుందా?
- ఒక పాఠకుడు, కొండాపూర్

సమాధానం: ముందు ఆ సిరప్ మానేయండి. అది పొడి దగ్గుకు వాడేది. మీది తెమడ దగ్గు. దాన్ని అణిస్తే బయటికి పోవాల్సిందంతా లోపలే నిలిచిపోతుంది. శ్వాసనాళాల లోపలి గోడలకు కంటికి కనిపించని నూగు ఉంటుంది. అది నిరంతరం కదులుతూ కఫాన్ని, దానికి అంటుకున్న దుమ్మును, క్రిములను గొంతు దాకా నెడుతుంది. మనకు తెలియకుండానే మింగేస్తుంటాం. బ్రాంకియెక్టాసిస్‌లో నాళాలు శాశ్వతంగా వెడల్పవుతాయి, ఆ నూగు దెబ్బతింటుంది. కఫం నిలిచిన చోట క్రిములు పెరుగుతాయి. వాటితో జరిగే పోరులో గోడలు ఇంకా పాడై మరింత కఫం ఊరుతుంది. ఇలా తిరిగి తిరిగి జబ్బు ముదరకుండా ఉండాలంటే తెమడను ఏ రోజుకారోజు బయటికి తీసేయాలి.

మందులు సరిగ్గా వాడినా ఇదెందుకొచ్చిందని మీకు అనిపించవచ్చు. టీబీ క్రిమి చచ్చిపోయినా అది చేసిన గాయం మచ్చగా మిగిలిపోతుంది. మన దేశంలో 31 కేంద్రాల నుంచి 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు సేకరించి 2019లో ప్రచురించారు. వారిలో మూడో వంతుకు పైగా మందికి కారణం పాత టీబీయే. మీరు ఒంటరి కాదు.

మీ అన్నయ్య చెప్పింది బ్రెన్సోకాటిబ్ గురించి అయ్యుంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని 2025 ఆగస్టులో అనుమతించింది. తెల్ల రక్తకణాలు వదిలే, నాళాల గోడలను దెబ్బతీసే ఎంజైములను అది తగ్గిస్తుంది. 1,700 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో జబ్బు తిరగబెట్టడం సుమారు ఐదో వంతు తగ్గింది. మంచి మందే. కానీ వెడల్పైన నాళాన్ని అది మళ్లీ సన్నబరచదు, పేరుకున్న తెమడను బయటికి తోయదు. సెలవులకు వచ్చేవారి సూట్‌కేసులో తెప్పించుకుని సొంతంగా మొదలుపెట్టకండి.

ఇక తెమడ తీసే పద్ధతి. గట్టిగా ఖళ్లుఖళ్లున దగ్గితే వచ్చేస్తుందనుకుంటారు చాలామంది. నిజానికి బలహీనపడిన నాళాలు ఆ ఒత్తిడికి మూసుకుపోయి తెమడ వెనకే చిక్కుకుంటుంది. మనిషి అలిసిపోతాడు, పక్కటెముకలు నొప్పెడతాయి, పని మాత్రం జరగదు. ఇలా చేయండి. నిటారుగా కూర్చుని భుజాలు వదిలేసి ఒక నిమిషం మామూలుగా, పొట్ట కదిలేలా ఊపిరి తీసుకోండి. తర్వాత మూడు నాలుగు నిండు శ్వాసలు తీసుకోండి. ప్రతిసారీ లోపల రెండు మూడు సెకన్లు ఆపి మెల్లగా వదలండి. ఇలా ఆపినప్పుడు గాలి తెమడ వెనక్కి చేరి దాన్ని గోడ నుంచి వదులు చేస్తుంది. మళ్లీ కాసేపు మామూలు శ్వాస. ఇప్పుడు ఓ మోస్తరు ఊపిరి తీసుకుని నోరు, గొంతు తెరిచి, కళ్లజోడు అద్దం మీద ఆవిరి ఊదినట్టు ‘హా’ అని కాస్త సాగదీసి వదలండి. లోతున ఉన్నది పైకి వస్తుంది. గొంతు దగ్గర గురగుర వినిపిస్తే నిండుగా ఊపిరి తీసుకుని చిన్నగా, చురుగ్గా మరో ‘హా’. ఆపైన ఒకటి రెండు దగ్గులు చాలు. ‘హా’లో పిల్లికూతలు వినిపిస్తే మరీ బలంగా ఊదుతున్నారన్నమాట, తగ్గించండి.

ఈ వరసను పది నుంచి ఇరవై నిమిషాలు, తెమడ రావడం ఆగేదాకా, రోజుకు రెండుసార్లు చేయాలి. భోజనానికి ముందు గానీ, తిన్న గంటన్నర తర్వాత గానీ మేలు. మీకు కుడి కింది భాగం పాడైంది కాబట్టి ఎడమ పక్కకు తిరిగి పడుకుని చేస్తే తెమడ సులువుగా జారి వస్తుంది. తల కిందికి వాల్చే పాత పద్ధతి వద్దు. గుండెలో మంట, బీపీ ఉన్నవారికి అది చేటు. నోట్లో పెట్టుకుని ఊదితే లోపల గాలి అదిరేలా చేసే చిన్న పరికరాలు దొరుకుతున్నాయి. కొందరికి బాగా పనికొస్తాయి. ఆన్‌లైన్‌లో కొనేముందు ఛాతీ ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకట్రెండు సార్లు నేర్చుకోండి. వీడియో చూసి నేర్చినవారు సగం దారిలో ఆపేయడం తరచూ చూస్తుంటాను.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి నుంచి వచ్చేవారిలో నాకు కనిపించే పెద్ద అడ్డంకి మొహమాటమే. కోవిడ్ తర్వాత ఓపెన్ ఆఫీసులో ఒక్క దగ్గు వినపడితే చుట్టూ కుర్చీలు జరుగుతాయి. మీ మేనేజరుకు ఒక్కసారి చెప్పండి: ఇది పాత మచ్చ వల్ల వచ్చిన దగ్గు, అంటుకునేది కాదు. అయితే ఆ మాట చెప్పే ముందు ఓసారి తెమడ పరీక్ష చేయించుకోండి. పొద్దున ఇంట్లో శుభ్రంగా తీసేసి వస్తే ఆఫీసులో దగ్గు సగానికి సగం తగ్గుతుంది. రెండోసారి సాయంత్రం అమెరికా కాల్స్ మొదలయ్యే ముందు. కాల్స్ అయ్యాక పదకొండింటికి తిని వెంటనే పడుకునే అలవాటుంటే మానుకోండి, పొట్టలోని ఆమ్లం ఎగదన్ని ఊపిరితిత్తులకూ చేటు చేస్తుంది. దగ్గర్లోనే ఉన్న బొటానికల్ గార్డెన్‌లో చురుగ్గా నడవండి, నడక కూడా తెమడను కదిలిస్తుంది. కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు కట్టడాల దుమ్ములో బైక్ మీద వెళ్తే ఎన్95 మాస్కు పెట్టుకోండి.

తెమడ మరీ చిక్కగా ఉంటే ఉప్పు నీటి నెబ్యులైజేషన్ సాయపడుతుంది. ముందు నాళాలు తెరిచే మందు పీల్చాలి, ఆపైన ఉప్పు నీరు, ఆపైన పై వ్యాయామం. కొందరికి ఉప్పు నీటితో ఊపిరి బిగుస్తుంది, కాబట్టి మొదటి మోతాదు డాక్టర్ ఎదుటే తీసుకోవాలి. ఈసారి జ్వరం వచ్చినప్పుడు యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే తెమడ కల్చర్‌కు ఇవ్వండి. టీబీ తిరగబెట్టిందేమో చూసే సీబీనాట్ పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. రాయదుర్గం నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి చేరుకోవచ్చు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి మీ డాక్టర్‌ను అడగండి.

ప్రశ్న: మా మామయ్యగారికి సీఓపీడీ. కరీంనగర్ నుంచి మియాపూర్‌లో మా ఫ్లాట్‌కు వచ్చారు. రోజూ జిందా తిలిస్మాత్ వేసి ఆవిరి పట్టమంటారు. తెమడ మింగేస్తారు కూడా. ప్రమాదమా?
- ఒక గృహిణి, మియాపూర్

సమాధానం: మింగినా హాని లేదు, ఎక్కువ క్రిములు పొట్టలోని ఆమ్లానికి చస్తాయి. కానీ రంగు, పరిమాణం మీకు తెలియాలి కాబట్టి మూత ఉన్న కప్పులో ఉమ్మించండి. జిందా తిలిస్మాత్ 1920 నుంచి మన హైదరాబాద్ ఇళ్లలో ఉన్నదే. నీలగిరి తైలం ఘాటుకు ముక్కు తెరుచుకున్నట్టు హాయిగా ఉంటుంది. ఊపిరితిత్తుల అడుగున ఉన్న తెమడ మాత్రం దాంతో రాదు. ఆ ఘాటుకు ఆయనకు ఆయాసం పెరిగితే మానిపించండి. మరిగే గిన్నె ఒళ్లో పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం పెద్దవాళ్లకు అసలొద్దు. కాలిన గాయాలతో వచ్చినవారిని చూశాను. ఇన్‌హేలర్ సరిగ్గా పీలుస్తున్నారో లేదో చూడండి, అది అంతకన్నా ముఖ్యం.

ప్రశ్న: బ్రాంకియెక్టాసిస్ ఉన్న మా అమ్మకు తెమడలో రక్తపు చారలు కనిపించాయి. వ్యాయామం కొనసాగించాలా?
- ఒక పాఠకురాలు, మణికొండ

సమాధానం: వ్యాయామం, ఉప్పు నీటి నెబ్యులైజేషన్ రెండూ ఆపి అదే రోజు డాక్టర్‌కు చూపించండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. చారలు కాకుండా గుక్కెడు రక్తం పడినా, ఆయాసం వచ్చినా ఆగొద్దు, 108కు ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా పాడైన ఊపిరితిత్తి వైపు కిందికి ఉండేలా పక్కకు పడుకోబెట్టండి. అప్పుడు రక్తం మంచి ఊపిరితిత్తిలోకి దిగదు. తెమడ తీసేటప్పుడు పడుకునే తీరుకు ఇది సరిగ్గా వ్యతిరేకం, ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.