ఇంట్లోని మందులకు ఒక చిట్టా



బెంగుళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్ వంటి ఊళ్ళలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాల్లో ఇంట్లో మాట తెలుగు, బజారులో మాట ఇంకొకటి, మందుల స్ట్రిప్పు మీది అక్షరాలు ఇంగ్లీషు. చాలా ఇళ్ళలో తాతయ్య, అమ్మమ్మల మందుల పేర్లు చదవగలిగింది చదువుకుంటున్న మీరే. అందుకే ఈసారి పాఠం మందుల గురించి. ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు, బ్యాంకులో లెక్కలు రాసినవాడు. అయితే ఈ విషయంలో సగం లెక్కే.

1. ఒకే మందు, రెండు పేర్లు

కంపెనీ పెట్టిన పేరు వేరు, అసలు మందు పేరు వేరు. అసలు పేరు కూడా స్ట్రిప్పు మీద ఉంటుంది. ముందుగా దాన్ని చదవాలి. ఉదాహరణకు, జ్వరానికి డాక్టరుగారు 650 మి.గ్రా. పారాసిటమాల్ రోజుకు 4 రాశారనుకొందాం. అది 2,600 మి.గ్రా. అయింది. జలుబు తగ్గలేదని షాపులో కొన్న మాత్రలోనూ 500 మి.గ్రా. పారాసిటమాల్ ఉంది. రోజుకు 3 వేసుకుంటే 1,500. మొత్తం 4,100 మి.గ్రా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజంతటికీ హద్దు 4,000. బలహీనులకు, లివరు జబ్బున్నవారికి, మద్యం అలవాటున్నవారికి ఇంకా తక్కువ. ఒకే వోచరును రెండుసార్లు పోస్టు చేసినట్టు ఇక్కడ ఒకే మందు రెండుసార్లు పడింది. హద్దు దాటితే దెబ్బతినేది లివరు, పైగా మొదటి రోజు పైకేమీ తెలియకపోవచ్చు.

2. మందు వల్ల వచ్చినదాన్ని కొత్త జబ్బు అనుకోవడం

బి.పి.కి ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్ కొందరికి పొడి దగ్గు తెస్తాయి. అమ్లోడిపిన్ వల్ల కొందరికి పాదాలు వాస్తాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బి12 విటమిన్ తగ్గి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. దగ్గుకు సిరప్పు, వాపుకు నీటి మాత్ర అంటూ ఒక మందు తెచ్చిన బాధకు మరో మందు చేరుతూ పోతే చీటీ పెరుగుతుందే గాని బాధ తీరదు. కొత్త బాధ మొదలైతే, అంతకు ముందు కొత్తగా ఏ మందు మొదలైందో తేదీతో చూడండి. కారణం దొరికినా మందు మీ అంతట మీరు ఆపవద్దు. డాక్టరుగారికి చెబితే వేరే మందుకు మారుస్తారు.

3. మందుకూ మందుకూ పడకపోవడం

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు బి.పి.ని పెంచగలవు, బి.పి. మందు పనిని తగ్గించగలవు. కిడ్నీ సంగతి ఇంకా ముఖ్యం. రక్తం వడపోతకు కిడ్నీలో తగిన ఒత్తిడి ఉండాలి. నొప్పి మాత్ర రక్తం లోపలికి వచ్చే నాళాన్ని బిగిస్తుంది. ఎనలాప్రిల్ వంటిది బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. నీటి మాత్ర ఒంట్లోని నీటిని తగ్గిస్తుంది. మూడూ కలిసిన చోట వడపోత పడిపోవచ్చు. వాంతులు, విరేచనాలు అవుతున్న రోజున ప్రమాదం మరీ ఎక్కువ.

గుండె జబ్బుకు ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటివి వాడేవారు ఇవే నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో రక్తస్రావం కావచ్చు. నల్లటి విరేచనం అందుకు గుర్తు.

4. మందుకూ తిండికీ సంబంధం

థైరాయిడ్ మాత్రను పరగడుపున, టిఫినుకు అరగంట నుండి గంట ముందు వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు పేగుల్లో వాటికి అంటుకొని ఒంటికి పట్టదు. సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతో వేసుకున్నా ఇదే నష్టం. గ్లిమిపిరైడ్ వేసుకొని ఉపవాసం ఉంటే షుగరు పడిపోయి చెమట, వణుకు, మతి తప్పడం వస్తాయి. ఉపవాసం ఉండదలచినవారు ముందుగానే డాక్టరుగారిని అడగాలి.

5. మీరు చేయవలసిన పని

ఒక నోటుబుక్కులో ఇంట్లో ఒక్కొక్కరికి ఒక పేజీ కేటాయించండి. అసలు మందు పేరు, మోతాదు, వేళ, ఎందుకు, ఎవరు రాశారు, ఎప్పుడు మొదలు అనే ఆరు గడులు గీయండి. షాపులో చీటీ లేకుండా కొన్నవీ, ఆయుర్వేద మందులూ అందులో చేర్చండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ పేజీ చూపించండి. కళ్ళ డాక్టరుకు గుండె డాక్టరు ఏం రాశారో తెలిసేది దాని వల్లే. స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు.

మందు వేసుకున్నాక ముఖం, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా బొబ్బలు లేచినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసేందుకు 2010లో మన దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతోంది. రోగులు, వారి ఇంటివారు కూడా 1800-180-3024 ఉచిత నంబరుకు తెలియజేయవచ్చు. ఫిర్యాదు ఫారం తెలుగులోనూ ఉంది.

అభ్యాసం

62 ఏళ్ళ ఒకావిడ ఉదయం థైరాయిడ్, కాల్షియం, ఎనలాప్రిల్, నీటి మాత్ర అన్నీ కలిపి కాఫీతో వేసుకుంటారు. మోకాళ్ళ నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ కొన్నారు. నెల రోజులుగా పొడి దగ్గు ఉందని సిరప్పు తాగుతున్నారు. ఇందులో డాక్టరుగారిని అడగవలసినవి ఎన్ని? పై పాఠం చూసి రాయండి. ఆ తర్వాత మీ ఇంటి పేజీ తెరిచి అదే ప్రశ్న వేసుకోండి. అసలు పరీక్ష అదే.