టెలిఫోనుకు తాళం

ఉద్దేశం

యంత్రం మనిషికి సేవకుడు. ఆ సేవకుణ్ణి ఎవరు, ఏ వేళ, ఎంతమేరకు వినియోగించుకోవాలో నిర్ణయించడం కూడా ఒక విద్యే. కార్యాలయాల్లో టెలిఫోను వాడకానికి వేళలను బట్టి విధించే కట్టుబాట్లను వివరించి, వాటి హద్దులను గురించి ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒకప్పుడు మన కార్యాలయాల్లో టెలిఫోనుకు నిజమైన తాళమే ఉండేది. అంకెల చక్రం రంధ్రంలో చిన్న తాళాన్ని బిగిస్తే చక్రం తిరిగేది కాదు. వచ్చిన ఫోను అందుకోవచ్చుగాని, బయటికి చేయడానికి వీలుండేది కాదు. అయినా నేర్పరులు రిసీవరు పెట్టే మీటను లయ తప్పకుండా తట్టి, కోరిన నంబరును కలుపుకొనేవారు. చక్రం చేసే పని కూడా విద్యుత్ప్రవాహాన్ని అంకెకు సరిపడినన్ని సార్లు తెంపి కలపడమే. ఐదు కావాలంటే ఐదు తట్లు, సున్న కావాలంటే పది తట్లు. తాళం చక్రానికే గాని విద్యుత్తుకు కాదు కదా!

ఇంతటి కట్టడికి కారణం ఖర్చు. మనదేశంలో 1960లో లక్నో, కాన్పూరు నగరాల మధ్య తొలి ఎస్టీడీ సౌకర్యం ఏర్పడింది. అంతకుముందు దూరప్రాంతాలకు మాట్లాడాలంటే ఆపరేటరును అడిగి ట్రంక్ కాల్ కోసం ఎదురుచూడవలసి వచ్చేది. ఎస్టీడీ రాకతో ఎవరైనా తామే అంకెలు తిప్పి దూరనగరంతో మాట్లాడగలిగారు. బిల్లు మాత్రం దూరాన్ని బట్టీ, వేళను బట్టీ మారేది. పగలు పూర్తి రుసుము. రాత్రి పొద్దుపోయేకొద్దీ తగ్గింపు. అందుకే రాత్రివేళ ఎస్టీడీ బూత్‌ల ముందు జనం బారులు తీరేవారు.

ఇనుప తాళం స్థానాన్ని క్రమంగా ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి ఆక్రమించింది. ఇ.పి.ఎ.బి.ఎక్స్. అనే ఈ యంత్రం కార్యాలయంలోని ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతోనూ కలుపుతుంది. ప్రతి ఎక్స్‌టెన్షనుకూ ఒక తరగతి ఉంటుంది. ఒకటి లోపలివారితో మాట్లాడడానికే పరిమితం. మరొకటి స్థానిక నంబర్ల వరకు. ఇంకొకటి ఎస్టీడీ వరకు. పై తరగతికి విదేశాలూ అందుబాటులో ఉంటాయి. నొక్కిన తొలి అంకెలను బట్టి యంత్రం పిలుపు రకాన్ని గుర్తిస్తుంది. ముందు సున్న ఉంటే ఎస్టీడీ, రెండు సున్నలుంటే విదేశం.

ఇదే ఎక్స్‌టెన్షనుకు పగలు ఒక తరగతి, రాత్రి మరొక తరగతి కేటాయించవచ్చు. యంత్రంలోని గడియారం సాయంత్రం ఆరు కాగానే తరగతిని మారుస్తుంది. ఉదయం తొమ్మిదికి మళ్లీ యథాస్థితికి తెస్తుంది. 1999లో మార్క్ స్పెన్సర్ రూపొందించిన ఆస్టరిస్క్ వంటి సాఫ్ట్‌వేర్‌లో గంట, వారం, తేదీ, నెల అనే నాలుగింటినీ పరిశీలించి పిలుపును దారి మళ్లించే వీలుంది. గడియారం తప్పితే మాత్రం కట్టుబాటూ తప్పుతుంది.

2006 మార్చి 1న ప్రభుత్వ టెలిఫోను సంస్థలు దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక రూపాయి చొప్పున మాట్లాడే పథకాన్ని ప్రవేశపెట్టాయి. దూరభారం తగ్గినా తాళం అవసరం తీరలేదు. ఎవరూ లేని రాత్రివేళల్లో, సెలవు దినాల్లో మోసగాళ్లు దూరం నుంచే కార్యాలయపు ఎక్స్ఛేంజిలోకి చొరబడి, ఖరీదైన విదేశీ నంబర్లకు ఫోన్లు చేస్తారు. బిల్లు యజమాని నెత్తిన పడుతుంది. రాత్రిపూట విదేశీ లైన్లను మూసివేయడం దీనికి చక్కని రక్షణ.

అయితే ప్రతి తాళానికీ ఒక హద్దు ఉండాలి. 2013 డిసెంబరు 1న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, మార్షల్ పట్టణంలో ఒక హోటల్ గదిలో కారీ హంట్ అనే మహిళపై హత్యాయత్నం జరిగింది. ఆమె తొమ్మిదేళ్ల కుమార్తె గదిలోని ఫోను నుంచి 911కు నాలుగుసార్లు ప్రయత్నించింది. బయటి లైను కోసం ముందుగా మరో తొమ్మిది నొక్కాలని ఆ పసిపిల్లకు తెలియదు. పిలుపు కలవలేదు, తల్లి దక్కలేదు. ఆమె పేరిట 2018లో వచ్చిన చట్టం ప్రకారం, 2020 ఫిబ్రవరి 16 తరువాత అమర్చే ఇటువంటి వ్యవస్థలన్నీ ఏ ముందు అంకె లేకుండానే 911కు కలపాలి.

అక్కడ అడ్డుపడినది వేళల కట్టుబాటు కాదు, ఒక అంకె. కాని పాఠం రెండింటికీ ఒకటే. రాత్రి కార్యాలయంలో మిగిలేది కాపలాదారు ఒక్కడే. కట్టుబాటు అతి కఠినంగా ఉండేది ఆ వేళనే. అతి తక్కువ తరగతి ఫోను ఉండేదీ అతని బల్లమీదనే. నిప్పంటుకుంటే 101, ప్రాణాపాయమైతే 108, ఏ ఆపదకైనా 112 అతనికి తక్షణం అందాలి. యంత్రం నియమాలను వరుసగా చదువుతుంది. కనుక అత్యవసర నంబర్ల నియమం మొదట, వేళల నియమం తరువాత రావాలి. పొదుపు మంచిదే, కాని ప్రాణం కన్నా పొదుపు ముందు వరుసలో నిలవరాదు.

అభ్యాసం

I. పది పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కార్యాలయ టెలిఫోనులో వేళలను బట్టి కట్టుబాటు ఎలా పనిచేస్తుందో వివరించండి.
2. కాపలాదారు ఉదాహరణ ద్వారా పాఠం ఏమి బోధిస్తున్నది?

II. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. తొలి ఎస్టీడీ సౌకర్యం ఏ నగరాల మధ్య ఏర్పడింది?
2. మీటను తట్టి సున్నను పొందాలంటే ఎన్ని తట్లు కావాలి?

III. సంధులు
కార్యాలయం : కార్య + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం : అతి + అవసరం – యణాదేశ సంధి