చెప్పులు కాదు, బూట్లు వేసుకో చెల్లీ

ఐర్లండ్‌లో కొత్తగా కాపురం పెట్టిన మన అమ్మాయిలతో మాట్లాడినప్పుడల్లా ఒకటే దిగులు వింటాను. వారమంతా ఆఫీసో, ఆస్పత్రి డ్యూటీయో. శని ఆదివారాలొస్తే ఉతుకులు, ఇండియన్ స్టోరుకెళ్లి కరివేపాకు తెచ్చుకోవడం, ఇంటికి ఫోన్ చేసి ఏడుపు దిగమింగుకోవడం. బయట చూస్తే ఎప్పుడూ ముసురే. నిజమే కదూ? ఎండలో పుట్టి పెరిగినవాళ్లం, నాలుగు రోజులు సూర్యుడు కనబడకపోతే మనకి ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది. కానీ వాన వెలిశాక వెళ్దాంలే అని కూర్చుంటే అక్కడ ఎన్నటికీ గడప దాటలేం. అందుకే ఈసారి నేనే ఒక చోటు చూసి పెట్టాను.

క్యావన్ కౌంటీ పడమటి కొసన బ్లాక్‌లయన్ అని చిన్న ఊరు. దానికి కాస్త దూరంలోనే క్యావన్ బరెన్ పార్కు. డబ్లిన్ నుంచి కారులో రెండున్నర గంటలు, కాస్త అటూ ఇటూ. టికెట్ లేదు. సున్నపురాతి నేల మీద పెరిగిన అడవి, రాళ్లనిండా పచ్చటి నాచు, మధ్యలో గుర్తులు పెట్టిన కాలిబాటలు. దారి తప్పుతామన్న భయం వద్దు.

ఆ అడవిలో ఏముందంటే, సమాధులు. అదిగో, ఉలిక్కిపడ్డావా? ముఖ్యమైనదాన్ని 'జెయంట్స్ గ్రేవ్' అంటారు, అంటే రాక్షసుడి సమాధి. ఐర్లండ్‌లో ఇలాంటివి 500కి పైగా ఉన్నాయి, క్రీ.పూ. 2500-2000 ప్రాంతంలో కట్టినవి. పడమటి వైపు ముఖం వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ సన్నబడి, కిందికి దిగుతుంది. పైన పరిచిన బండల్ని చూస్తే, ఏ యంత్రమూ లేని రోజుల్లో ఎంతమంది కలిసి, ఎంత ఓపికగా మోసుంటారో అనిపిస్తుంది. ఇద్దరు రాక్షస యువకులు ఒకే అమ్మాయిని ప్రేమించి, పక్కనున్న లోతైన చీలికని దూకడానికి పందెం వేసుకున్నారనీ, ఓడి పడిపోయినవాణ్ణి ఇక్కడ పెట్టారనీ అక్కడివాళ్లు చెప్పుకునే కథ. పిల్లలుంటే ఆ కథ దారిలోనే చెప్పెయ్, నడవమని బతిమాలే పనుండదు.

మరి అత్తయ్యగారు ఫోన్లో "పిల్లల్నేసుకుని సమాధుల దగ్గరికా?" అంటే ఏం చెప్తావు? మన దగ్గరా ఇవే ఉన్నాయని చెప్పు. ఊరి బయట పెద్దబండల కట్టడాలని మన పెద్దవాళ్లు రాక్షసగుళ్లు అనేవారు కదా, అవీ ఇలాంటి పాతకాలపు సమాధులే. నారాయణపేట జిల్లా ముడుమాలలో, కృష్ణ ఒడ్డున, వేల ఏళ్లనాటి నిలువురాళ్లున్నాయి. వాటిలో ఒకదాన్ని ఎల్లమ్మ తల్లిగా కొలుస్తారు. 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకీ ఎక్కింది. అత్తయ్యగారికి ఆ ఎల్లమ్మ సంగతి ముందు చెప్పు, తర్వాత ఐర్లండ్ మాట ఎత్తు. అన్నట్టు, క్యావన్‌లోనే ఇంకో సమాధిని ఒకప్పటి రైతులు దూడల కొట్టంగా వాడుకున్నారు. వానలో దూడ తడవకూడదనుకున్నవాళ్ల మీద నాకైతే కోపం రాదు.

దారి పొడుగునా పెద్దపెద్ద ఇసుకరాతి గుండ్లు సున్నపురాతి పీటల మీద కూర్చుని ఉంటాయి. వాటిని ఎవరూ ఎత్తి పెట్టలేదు. మంచుయుగంలో హిమానీనదాలు లాక్కొచ్చి, కరిగిపోతూ వదిలేశాయి. ఆ తర్వాత వేల ఏళ్ల వానకి చుట్టూ ఉన్న సున్నపురాయి కరుగుతూ వచ్చింది. గుండు గొడుగు పట్టిన చోట మాత్రం నిలిచింది.

ఇంకా నడిచే ఓపికుంటే 'క్యావన్ వే' అనే పెద్ద దారి ఇటుగానే పోతుంది. బ్లాక్‌లయన్ నుంచి డౌరా దాకా సుమారు 22 కిలోమీటర్లు. అంతా నడవక్కర్లేదు తల్లీ, కొంచెం చాలు. పసుపు బాణం గుర్తుల్ని వదలకు. ఈ దారిలోనే బాగ్ నేలలు తగులుతాయి. ఊబిలో దిగబడతామేమోనని భయమా? బాట విడిచి అడ్డదారి తొక్కకపోతే చాలు. ఆ నేలంతా నాచు. చచ్చిన నాచు మీద కొత్త నాచు పెరుగుతూ, ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుపోతుంది. నీటిలో పులుపు, లోపల గాలి లేదు. ఊరగాయ జాడీలో ముక్క మీద నూనె తేలాలని అమ్మ ఎందుకు పట్టుబడుతుంది? ఇక్కడా అంతే, లోపలున్నది చెడదు. పాతకాలం వాళ్లు ఈ నేలలో పాతిపెట్టిన వెన్న ఇప్పటికీ బయటపడుతూ ఉంటుంది. 2003లో మీథ్ కౌంటీలో రెండు వేల ఏళ్లకి పైబడిన మనిషే దొరికాడు, జుట్టుకి రాసుకున్న జిగురుతో సహా! డబ్లిన్‌లో కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియంలో ఉంచారు, చూడటానికి డబ్బులక్కర్లేదు. మరీ కుండపోత అయిన శనివారం అక్కడికి వెళ్లు.

క్యావన్ వే మీదే షానన్ పాట్ అనే చిన్న మడుగుంది. ఐర్లండ్‌లో అన్నిటికన్నా పొడుగైన షానన్ నది పుట్టింది అక్కడే అంటారు. జ్ఞానం కావాలని ఆ మడుగు దగ్గరికెళ్లిన సినన్ అనే పిల్లని నీళ్లు పొంగి ముంచేశాయట. తెలుసుకోవాలనుకున్న ఆడపిల్లకి ఎందుకమ్మా అంత శిక్ష? నదికి ఆ పిల్ల పేరే పెట్టుకున్నారు, అదొక్కటే ఊరట.

ఇప్పుడు బాగా విను, ఇది అన్నిటికన్నా ముఖ్యం. బ్లాక్‌లయన్‌లో వంతెన దాటితే అవతల బెల్కూ, అది నార్తర్న్ ఐర్లండ్, అంటే బ్రిటన్ కిందికొస్తుంది. అక్కడ గేటుండదు, పోలీసుండడు. కానీ మన చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు, ఐరిష్ రెసిడెన్స్ కార్డు అయితే, బ్రిటన్ వీసా లేకుండా అటు అడుగు పెట్టకూడదు. ఫోన్‌లో మ్యాపు దగ్గరి దారి అంటూ అవతలి ఫెర్మనా కౌంటీ మీదుగా లాక్కుపోవచ్చు. బయల్దేరే ముందే చూసుకుని గ్లాంగెవ్లిన్, డౌరా వైపు దారి పెట్టుకో. అందరూ ఫొటోలు పెట్టే కిల్కా కొండ చెక్కమెట్ల దారి కూడా ఆ అవతలి వైపుదే. వీసా వచ్చాక వెళ్దువుగాని, కొండెక్కడికీ పోదు.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. చీలమండ దాకా పట్టే బూట్లు, రెయిన్‌కోటు, బ్యాగులో రెండో జత సాక్సులు. ప్యాంటు అంచు సాక్సుల్లోకి దోపుకో, గడ్డిలో టిక్స్ అనే పురుగులు పట్టుకుంటాయి. వాటి వల్ల లైమ్ జబ్బు రావచ్చు. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో పిల్లలకీ నీకూ చూసుకో. కాఫీ, బాత్రూం అన్నీ దారిలో ఊళ్లోనే కానిచ్చెయ్. సిగ్నల్ ఉంటుందో ఉండదో, మ్యాపు ముందే దించుకో. ఆపదొస్తే 112. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది కనుక పొద్దున్నే బయల్దేరాలి. జూన్‌లో అయితే రాత్రి పదింటిదాకా వెలుగే, తీరిగ్గా లేవచ్చు.

ఒక్కదానివే వెళ్లకు. కారులో సీటు ఖాళీ ఉంటే, మీ వార్డులోనో ఆఫీసులోనో కొత్తగా దిగిన ఇంకో అమ్మాయిని పిలు. తనంతట తాను అడగదు, మొహమాటం. పులిహోరకి ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యి.