గుమ్మము వద్ద అటెండరు: పైథాన్ వెబ్‌లో స్టాటిక్ ఫైళ్లు

కళాశాలలో దరఖాస్తు ఫారము కోరి వచ్చిన వారికి గుమ్మము వద్దనున్న అటెండరే దానిని అందించును. టి.సి. కోరిన వారిని మాత్రము లోనికి పంపును. ఫారము అందరికీ ఒక్కటే, టి.సి. ఎవరిది వారికే.

వెబ్ అప్లికేషనులోను ఈ విభజన కలదు. బొమ్మలు, సి.ఎస్.ఎస్., జావాస్క్రిప్ట్ ఫైళ్లు అందరికీ ఒక్కటే. ఇవి స్టాటిక్ ఫైళ్లు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట హైటెక్ సిటీ ఎందరో విద్యార్థుల ఆశలకు గమ్యమైనది. అచట ఇంటర్వ్యూలో చూపుటకై జాంగోతో ప్రాజెక్టు నిర్మించువారికి ఒక చిక్కు తరచు ఎదురగును. సొంత కంప్యూటరుపై చక్కగా కనిపించిన పేజీ, సర్వరుకెక్కగానే రంగులను, అమరికను కోల్పోవును. డీబగ్ స్థితిలో జాంగో వారి అభివృద్ధి సర్వరు ఈ ఫైళ్లను తానే అందించును. డీబగ్ ఆపినచో ఆ పని మానును. అట్లని డీబగ్‌ను ఆపక వదలరాదు. దోషము తలెత్తినపుడు లోపలి కోడు పరులకు బయల్పడును.

దీనికి వైట్‌నాయిస్ అను మిడిల్‌వేర్ తగిన అటెండరు. జాబితాలో సెక్యూరిటీ మిడిల్‌వేర్‌కు వెనువెంటనే దీనిని నిలుపవలెను. కలెక్ట్‌స్టాటిక్ ఆదేశముతో ఫైళ్లన్నిటిని ఒకేచోట చేర్చవలెను. సర్వరు మొదలగునపుడే ఇది వాటి పట్టిక వ్రాసుకొనును. అడిగినది పట్టికలో నున్నచో తానే ఇచ్చును. లేనిచో లోనికి పంపును. కనుకనే వాడుకరులు తరువాత ఎక్కించు ఫోటోలకు ఇది పనికిరాదు. వాటికి వేరు ఏర్పాటు కావలెను.

విద్యార్థులారా! ఏది గుమ్మము వద్ద ఈయదగినదో, ఏది లోపల విచారింపదగినదో ముందుగా నిర్ణయించుకొనుడు. తక్కిన కోడు అటుపిమ్మట వ్రాయుడు.