ఏమీ లేనప్పుడే వెళ్లండి

బాలికల ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంట్లో చదువుకోండి" అని పుస్తకం మూసేసిన టీచర్లలో నేనూ ఒకదాన్ని. నా దగ్గర చదివిన మొదటి పిల్లలకు ఇప్పుడు యాభై దాటుతున్నాయి. వాళ్లకు, వాళ్ల కూతుళ్లకు నేను బాకీపడిన పాఠాల్లో ఒక్కటి, రొమ్ముకి తీసే ఎక్స్‌రే అయిన మామోగ్రామ్ సంగతి, ఇప్పుడు చెబుతున్నాను.

1. ఒంట్లో ఏమీ లేనప్పుడు చేయించుకునే పరీక్ష ఇది.

మా తరానికి తలకెక్కనిది ఈ ఒక్క ముక్కే. జ్వరమొస్తే రక్తపరీక్ష, కాలు విరిగితే ఎక్స్‌రే. ఏ బాధా లేకుండా ఆస్పత్రికి వెళ్లడమంటే జబ్బుని పిలిచి పీట వేసినట్టేనని మా ఇంట్లో అనేవారు. మా వదినకు రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. నాతో అన్నప్పుడు నేనూ "కొవ్వు గడ్డేమోలే వదినా" అనేశాను. పాఠాలు చెప్పేదాన్ని, ఆ మాట ఎలా అన్నానో! చర్మం సొట్టపడి, చనుమొన లోపలికి లాక్కున్నాక గానీ ఆవిడ అన్నయ్యకు చెప్పలేదు. కేన్సర్ గడ్డ మొదట్లో చాలామందిలో నొప్పి పుట్టించదని నాకు అప్పుడు తెలిసింది. మామోగ్రామ్ విలువంతా గడ్డ చేతికి తగలక ముందే కనిపెట్టడంలో ఉంది. తగిలాక చేసేది స్క్రీనింగ్ కాదు, రోగ నిర్ధారణ. అప్పుడు తీసే బొమ్మలు ఎక్కువ, వెంట అల్ట్రాసౌండ్ కూడా ఉండొచ్చు. గడ్డ గానీ, చనుమొన నుంచి రక్తం గానీ, కొత్తగా వచ్చిన సొట్ట గానీ ఉంటే మామూలు పరీక్ష గడువు దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

2. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఇరుగుపొరుగుని చూసి తేల్చుకునేది కాదు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి నలభై నిండగానే మొదలుపెట్టింది. అక్కడి ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం 2024లో ఇచ్చిన సలహా 40 నుంచి 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి. లండన్‌లో ఉన్న దాని స్నేహితురాలికి ఇంకా పిలుపే రాలేదు. బ్రిటన్‌లో యాభై దాటాక, 71 వచ్చే దాకా, మూడేళ్లకోసారి పిలుస్తారు. ఇద్దరూ ఫోన్లో ఒకరినొకరు భయపెట్టుకున్నారు. మన దేశంలో ఊరూరా అందరినీ మామోగ్రామ్‌కి పిలిచే ఏర్పాటు లేదు. కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నది 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేత్తో చేసే పరీక్ష.

మిషన్ లేని పరీక్ష ఏం పరీక్షని నేను దాన్ని చిన్నచూపు చూశాను. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లతో ఇరవై ఏళ్లు నడిపిన అధ్యయనం 2021లో వెలువడింది. రెండేళ్లకోసారి చొప్పున నాలుగు విడతలు చేత్తో పరీక్షించి, జబ్బు గురించి చెప్పినందుకే యాభై దాటినవాళ్లలో రొమ్ము కేన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో అంత తేడా కనిపించలేదు. అందుకని గుమ్మంలోకి వచ్చిన ఏఎన్ఎం అమ్మాయిని "మాకేం లేవులే తల్లీ" అని పంపేయకండి. మామోగ్రామ్ ఎప్పటినుంచి, ఎన్నేళ్లకోసారి అన్నది మీ వయసు, మీ ఇంటి చరిత్ర చూసి డాక్టరే చెప్పాలి. నలభై దగ్గర పడుతుంటే అడగడానికి అదే సమయం. ఇరవైల్లో ఉన్నవాళ్లు స్నేహితురాలు వెళ్లిందని పరుగెత్తక్కర్లేదు. ఆ వయసులో రొమ్ము దట్టంగా ఉంటుంది. దట్టమైన కణజాలమూ బొమ్మలో తెల్లగానే పడుతుంది, కణితీ తెల్లగానే పడుతుంది. తెలుపులో తెలుపు దొరకదు. అందుకే చిన్నవాళ్లకు గడ్డ తగిలితే ముందు అల్ట్రాసౌండ్ రాస్తారు.

3. ముహూర్తం కాదు, నెలసరి లెక్క చూసుకోవాలి.

నెలసరికి ముందు వారంలో రొమ్ములు బరువెక్కి, ముట్టుకుంటేనే సలుపుతుంటాయి. అప్పుడు వెళ్లి మిషన్ని తిట్టుకోవద్దు. నెలసరి అయిపోయాక వచ్చే వారం మేలు. నెలసరి ఆగిపోయినవాళ్లకు ఏ రోజైనా ఒకటే. మా అత్తగారు మంగళవారం వద్దు, శుక్రవారం వద్దు, అమావాస్య దగ్గర పడింది వద్దు అంటూ నా మొదటి పరీక్షను వేసవి సెలవులు దాటించారు. నేనూ ఆ సాకు కోసమే చూస్తున్నట్టు ఊరుకున్నాను. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ క్లినిక్కులు మొదలుపెట్టినప్పుడు ఆడవాళ్ల కోసం కేటాయించిన రోజు మంగళవారమే! ఆవిడ ఉండి ఉంటే ఏమనేవారో. పరగడుపున వెళ్లాల్సిన పనీ లేదు, టిఫిన్ తినే వెళ్లండి. గర్భం ఉందన్న అనుమానం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా బుక్ చేసుకునేటప్పుడే చెప్పండి.

4. ఆ రోజు పౌడరు డబ్బా జోలికి పోకూడదు.

ఇది నవ్వుకునే విషయంలా ఉంటుంది కానీ కాదు. ఎండాకాలం, బస్సులో ప్రయాణం, అలవాటు కొద్దీ స్నానం చేసి మెడకీ చంకలకీ దట్టంగా పౌడరు పట్టించి వెళ్లాను. టెక్నీషియన్ అమ్మాయి చూసి, తడి గుడ్డ చేతిలో పెట్టి, "మొత్తం తుడిచేయండి మేడమ్" అంది. పౌడరు, డియోడరెంట్, కొన్ని రకాల ఆయింట్‌మెంట్లు బొమ్మలో తెల్లటి చుక్కలుగా పడొచ్చు. రొమ్ములో పేరుకునే కాల్షియం చుక్కలూ అలాగే ఉంటాయి. డాక్టర్లు కళ్లు చిట్లించి వెతికేది ఆ చుక్కల కోసమే. ఆ పొద్దున స్నానం చేసి, రొమ్ముల మీదా చంకల్లోనూ ఏమీ రాసుకోకుండా వెళ్లాలి, అంతే.

బట్టల విషయానికొస్తే చీర, జాకెట్టు చక్కగా సరిపోతాయి. చుడీదారైతే పైదొక్కటి తీస్తే చాలు. మెడ నుంచి పాదాల దాకా ఒకటే గౌనులా ఉండేది వేసుకెళితే మొత్తం విప్పి నిలబడాలి. జడ ఉన్నవాళ్లు పైకి ముడేసుకుంటే మంచిది, జుట్టు అడ్డొచ్చినా బొమ్మ చెడుతుంది.

ఇక నగలు. గొలుసులు ఇంట్లో పెట్టి వెళ్లమంటే ఎవరూ కాదనరు. పుస్తెలతాడు దగ్గరే వస్తుంది చిక్కు. నా ముందు వరసలో కూర్చున్న ఒకావిడ సూత్రాలు తీయాలనేసరికి లేచి వెళ్లిపోబోయింది. ఆవిడ భర్త బయట బెంచీ మీదే ఉన్నాడు. అక్కడ పెద్దావిడ ఒకరు, "పసుపు దారం మణికట్టుకి కట్టుకుని రామ్మా, పది నిమిషాల్లో మళ్లీ వేసుకుందువు" అని సర్దిచెప్పింది. ఆయన్ని అడిగితే "అదేం ప్రశ్న, తీసి నాకివ్వు" అన్నాడట. ఆ భయం ఆయనది కాదు, మనం మోస్తున్నది. అయినా దాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు చేతకాదు. ముందే తెలిస్తే ఇంటి దగ్గరే మనసు సర్దుకుని వెళ్లొచ్చని చెబుతున్నాను. పరీక్ష చేసేది ఆడమనిషేనా అన్నదీ బుకింగ్ రోజునే అడిగేయండి. అడగడానికి సిగ్గుపడి మానేసినవాళ్లు నాకు తెలుసు.

5. నొక్కడం నిజం, నొప్పిని పెంచి చెప్పడం పాపం.

ఆ పాపం నేను చేశాను. తిరిగొచ్చాక స్టాఫ్ రూమ్‌లో అందర్నీ నవ్వించడానికి "రోకలితో దంచినట్టు దంచారు" అని అభినయించి మరీ చెప్పాను. అది విని లెక్కల టీచరు తన అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుందని చాలా రోజులకు గానీ నాకు తెలియలేదు. జరిగేది ఇది. నిలబెట్టి, రొమ్ముని ఒక పలక మీద ఆనించి, పైనుంచి పారదర్శకమైన ప్లాస్టిక్ పలక దించుతారు. గట్టిగా నొక్కుతుంది. ఊపిరి బిగపట్టమంటారు. కొన్ని సెకన్లలో వదిలేస్తుంది. ఒక్కో రొమ్ముకి పైనుంచి ఒకటి, చంక దాకా వచ్చేట్టు ఏటవాలుగా ఒకటి, మొత్తం మామూలుగా నాలుగు బొమ్మలు. బట్టలు మార్చుకోవడంతో కలిపి అరగంట లోపే. అంతగా ఎందుకు నొక్కాలంటే, కణజాలం పలచగా పరుచుకుంటే ఒకదాని వెనక ఒకటి దాక్కోవు, బొమ్మ కదలదు, ఎక్స్‌రే మోతాదూ తక్కువ సరిపోతుంది. ఆ మోతాదు సుమారు 0.4 మిల్లీసీవర్ట్. నేల నుంచీ ఆకాశం నుంచీ మన ఒంటికి ఎలాగూ తగిలే సహజ రేడియేషన్‌తో పోలిస్తే ఏడు వారాల పాటిది. కొందరికి ఇబ్బంది, కొందరికి నొప్పి, కొందరికి ఏమీ ఉండదు. ఓర్చుకోలేకపోతే ఆపమని చెప్పొచ్చు, ఆ అమ్మాయి ఆపుతుంది. పళ్లు బిగించి భరించడాన్ని ఆడతనమనుకునే రోజులు పోవాలి.

6. పాత ఫిల్ములు చెత్త కాదు.

ఇల్లు మారేటప్పుడు నావి పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశాను. డాక్టరుకు ఈ ఏటి బొమ్మ కన్నా, ఈ ఏటికీ అప్పటికీ మధ్య తేడా ముఖ్యం. ఫిల్మో, సీడీయో, ఏదైనా రిపోర్టుతో కలిపి ఒకే కవర్లో పెట్టుకోండి. సెంటర్ మారితే కవరూ మీతో రావాలి.

7. రిపోర్టులో సున్నా అంటే ఏమీ లేదని కాదు.

ముప్పై ఏళ్లు మార్కులు వేసిన చేయి నాది. రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. నాకు 0 వచ్చింది. ఏమీ లేదన్నమాట అనుకుని బీరువాలో పెట్టేసి పేరంటానికి వెళ్లాను. మర్నాడు ఫోనొస్తే గానీ సంగతి తెలియలేదు. సున్నా అంటే పరీక్ష పూర్తికాలేదు, ఇంకొన్ని బొమ్మలో అల్ట్రాసౌండో కావాలని. 1, 2 అయితే నిశ్చింత. 3 అయితే ప్రమాదం కాకపోవచ్చు, ఆరు నెలల్లో మళ్లీ చూద్దాం అని. 4, 5 అయితే ముక్క తీసి పరీక్షకు పంపాలని. నాలుగొచ్చినా అది కేన్సరే అని తీర్పు కాదు, బయాప్సీలో మామూలు గడ్డలని తేలేవి చాలానే ఉంటాయి. మళ్లీ రమ్మన్న ఫోను విని ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మంచం మీద కూర్చున్నాను. మళ్లీ పిలిపించుకున్నవాళ్లలో పదిమందికి ఒకరి కన్నా తక్కువమందికే కేన్సర్ తేలుతుందని ముందే తెలిసి ఉంటే నిద్ర పట్టేదేమో. తెల్లారి అల్ట్రాసౌండ్ చేస్తే నాది నీటి తిత్తి.

8. బాగుందన్న కాగితానికీ గడువుంటుంది.

ఈ పరీక్షను దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. ఉన్న కేన్సర్లలో ఎనిమిదింట ఒకటి దీని కంటపడకుండా పోతుంది. ఎప్పటికీ హాని చేయని దాన్ని కనిపెట్టి, వైద్యం చేయించిన సందర్భాలూ ఉన్నాయి. ఇవి డాక్టరుతో మాట్లాడాల్సిన విషయాలు, మానేయడానికి సాకులు కావు. నిరుడు బాగుందన్నారని ఈ ఏడు తగిలిన గడ్డను వదిలేయకూడదు.

9. ఇంట్లో దాచిన జబ్బు ఆస్పత్రి ఫారంలో అబద్ధమవుతుంది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మా వదిన పోయినప్పుడు పిల్లకు "గర్భసంచి ఆపరేషన్ వికటించింది" అని చెప్పాం. పెళ్లి కావాల్సిన పిల్ల, నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావని. అన్నయ్య అన్నాడు, నేను తలూపాను. నిజానికి ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో అంతకు ముందు ఎవరికీ ఉండదు, వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది. అయినా తల్లికో, అక్కచెల్లెళ్లకో వచ్చిందంటే లెక్క మారుతుంది. తల్లికి ఏ వయసులో బయటపడిందో దానికి పదేళ్లు ముందుగానే కూతురికి పరీక్షలు మొదలుపెట్టాలని చాలామంది డాక్టర్లు చెబుతారు. వదినకు అప్పుడు 48. మా మేనకోడలికి ఇప్పుడు 39. ఆఫీసు హెల్త్ చెకప్ ఫారంలో "కుటుంబంలో రొమ్ము కేన్సర్" అన్న చోట లేదని టిక్ పెట్టింది. పండక్కి వచ్చి ఆ మాట మామూలుగా చెబుతుంటే అన్నయ్యా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

చెప్పాం. ఏడవలేదు. "అత్తా, నువ్వు టీచరువి కదా" అంది, అంతే. అన్నయ్య బీరువాలోంచి వదిన ఫైలు తీసి ఇస్తే ప్రతి కాగితమూ ఫోన్లో ఫొటో తీసుకుంది. డాక్టరు ఈసారి మామోగ్రామ్‌తో ఆగకుండా జన్యు పరీక్ష గురించి మాట్లాడేందుకు రమ్మన్నారు. కొత్త ఫారంలో తండ్రి వైపు వాళ్ల వివరాలూ అడిగారట. జబ్బుని మోసుకొచ్చే జన్యువు నాన్న వైపు నుంచీ రావచ్చని మన ఇళ్లలో ఎవరూ లెక్క వేయరు. ఆ గడి దగ్గర ఆగి నాకే ఫోన్ చేసింది, "మేనత్త అని ఉంది, ఏం రాయను?" అని. నీటి తిత్తి, కేన్సర్ కాదు, రిపోర్టు పంపిస్తున్నాను అని చెప్పి కవరు కోసం లేచాను.