వాహనములలో ఏసీ చల్లదనము తగ్గినచో గ్యాస్ ఎక్కించుటకు ముందు చూడవలసినవి

మండపేట పరిసరములలో దాళ్వా కోతలు ఎండలు ముదిరిన రోజులలో వచ్చును. ఏసీ క్యాబిన్ గల కోత యంత్రములు, ట్రాక్టర్లు, ధాన్యమును కోడిగ్రుడ్లను మోయు లారీలు ఆ ఎండలోనే పని చేయవలెను. అద్దములు మూసిన క్యాబిన్‌లో ఏసీ చెడినచో లోపలి వేడి బయటి వేడిని మించును. డ్రైవరుకు వడదెబ్బ తగిలి కోత ఆగినచో పండిన చేను గాలివానకు చిక్కును.

మూడున్నర టన్నులకు మించిన సరకు వాహనములలో 2025 అక్టోబరు 1 నుండి తయారగు వానికి ఏసీ క్యాబిన్ ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము 2023 డిసెంబరులో నోటిఫికేషను ఇచ్చినది. కావున రైతు సోదరులు ఈ యంత్ర భాగములను కొంత ఎరిగియుండుట మేలు.

చల్లదనము తగ్గగానే "గ్యాస్ అయిపోయినది" అనుట వాడుక. కాని గ్యాస్ డీజిలువలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలోనే అది తిరుగుచుండును. ఏండ్ల తరబడి కొద్దిగా తగ్గుట సహజము. ఏటేటా ఎక్కించవలసి వచ్చుచున్నచో ఎక్కడనో కారుచున్నదని గ్రహింపవలెను.

ఏసీ పనిచేయు విధము

ఇంజను బెల్టుతో తిరుగు కంప్రెసర్ గ్యాసును నొక్కి వేడెక్కించును. ఆ వేడిని కండెన్సర్ బయటి గాలికి వదలును, గ్యాస్ ద్రవమగును. ఆ ద్రవము సన్నని వాల్వు దాటి క్యాబిన్‌లోని కూలింగ్ కాయిల్‌లో మరిగి, లోపలి వేడిని పీల్చుకొనును. వాహనములలో విస్తారముగా వాడు ఆర్-134ఏ గ్యాస్ బహిరంగమున సున్నాకు 26 డిగ్రీల సెంటీగ్రేడు దిగువనే మరుగును. కండెన్సర్ వేడిని వదలలేకున్నచో గ్యాస్ నిండుగా ఉన్నను చల్లదనము రాదు.

వరుసగా చూడవలసినవి

1. కండెన్సర్: కార్లలో ఇది రేడియేటర్ ముందు, కొన్ని యంత్రములలో క్యాబిన్ పైకప్పుపై ఉండును. వరి నుసి, తాలు, పొట్టు దీని రెక్కల నడుమ కూరుకొనును. బండి పరుగెత్తునపుడు చల్లగా ఉండి, నిలిపినపుడు వేడి గాలి వచ్చుచున్నచో కండెన్సర్ మూసుకొనుటయో, దాని ఫ్యాన్ తిరుగకుండుటయో కారణము. ఇంజను ఆపి, చల్లారిన పిదప, గాలి వచ్చు దిశకు ఎదురుగా లోపలి నుండి బయటకు తక్కువ ఒత్తిడి గాలితో ఊదవలెను. పిమ్మట అవసరమైనచో మెల్లని నీటితో కడుగవలెను. ధూళి పొడిగా ఉండగా నీరు చల్లినచో అది బురదయై అంటుకొనును. రేడియేటర్ దీని వెనుక ఉన్నచో ఇంజను వేడి కూడ పెరుగును.

2. గాలి ఫిల్టరు: గాలి చల్లగానే ఉండి వేగము తగ్గినచో క్యాబిన్ ఫిల్టరును దులుపవలెను, లేదా మార్చవలెను. మొదట చల్లగా ఉండి, క్రమముగా గాలి తగ్గి, కొంతసేపు ఏసీ ఆపిన తరువాత మరల బాగగుచున్నచో కాయిల్‌పై మంచు కట్టుచున్నదని తెలియును.

3. కంప్రెసర్: ఏసీ స్విచ్ వేయగానే కప్పి ముందు పలక "టక్" మని పట్టుకొని తిరుగవలెను. పట్టుకొననిచో ఫ్యూజు, రిలే, వైర్లు చూడవలెను. గ్యాస్ బాగుగా తగ్గినపుడు ప్రెషర్ స్విచ్ కూడ కంప్రెసర్‌ను ఆపును. బెల్టు కీచుమన్నచో వదులైనదేమో, అరిగినదేమో చూడవలెను.

4. గొట్టములు: ఏసీ నడచునపుడు లావు గొట్టము చల్లబడి చెమర్చవలెను. సన్న గొట్టము చేయి కాల్చునంత వేడిగా ఉండవచ్చును, దానిని తాకరాదు. కీళ్లవద్ద నూనె జిడ్డుపై ధూళి పేరుకొనినచో అక్కడ గ్యాస్ కారుచున్నది. గ్యాసుతోబాటు కంప్రెసర్ నూనె కూడ తిరుగుటయే దీనికి కారణము.

బండి క్రింద నీరు కారుట దోషము కాదు. మన తేమ గాలి కాయిల్‌పై నీరగును. ఆ నీరు క్యాబిన్‌లో పడుచున్నచో డ్రెయిన్ గొట్టము మట్టితో పూడినది.

హీటరు

హీటరు ఇంజను వేడినీటితో పనిచేయును. మన ప్రాంతమున దీని అవసరము స్వల్పమే అయినను, మంచు రోజులలో అద్దముపై ఆవిరిని తొలగించుటకు ఉపయోగపడును. వేడి రానిచో, ఇంజను చల్లారిన పిదపనే మూత తీసి కూలెంటు మట్టము చూడవలెను. ఇంజను వేడి ముల్లు పైకి రానేరానిచో థర్మోస్టాట్ తెరచుకొని నిలిచియుండవచ్చును. అద్దమునకు తియ్యని వాసన గల జిడ్డు పట్టినచో హీటరులో కూలెంటు కారుచున్నది. హీటరు తలుపు సరిగా మూయబడనిచో వేడి కలిసి ఏసీ చల్లదనమును చెరచును.

జాగ్రత్తలు

గ్యాస్ గొట్టములను స్వయముగా విప్పరాదు. గ్యాస్ కన్నులకు తగిలినచో చూపునకే ప్రమాదము. వంటగ్యాసును ఎన్నడును ఎక్కించనీయరాదు, అది మండును. మెకానిక్కును మొదట లీకు చూపుమని అడుగవలెను. లీకు బాగుచేసి, గొట్టములలోని గాలిని పంపుతో తీసి, వాహనముపై చీటీలో వ్రాసిన గ్రాముల మేరకు తూచి ఎక్కించవలెను. ఎక్కువైనను చల్లదనము తగ్గును.

కోతల కాలమున కండెన్సర్‌ను, ఫిల్టరును ప్రతి సాయంత్రము శుభ్రపరచుట మంచిది. దీనివలన గ్యాస్ ఖర్చు తప్పుటయే గాక, ఇంజనుకు, డ్రైవరుకు కూడ మేలు కలుగును.